సమురాయ్ జీతాల లెక్క – 4వ పాఠం: కొకులు, బస్తాలు

జపాన్‌లో ‘కాగా’ అనే సంస్థానాన్ని ఏలిన మాయెదా వంశానికి ఏటా పది లక్షల కొకుల (కొకు అంటే దాదాపు 150 కిలోల బియ్యం కొలత) బియ్యం చేతికొచ్చేదని పోయినసారి అభ్యాసంలో చాలామంది రాశారు. అందుకే ఎడో (నేటి టోక్యో) ప్రయాణాల ఖర్చు వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. ముందు ఇది సరిచేసుకోవాలి.

కొకుల అంకె రాబడి కాదు, ఆ భూమి మీద సర్వేలో కట్టిన దిగుబడి అంచనా. 1582 నుంచి అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి చేయించిన సర్వేల్లో మెట్ట చేలకూ ఇళ్ల స్థలాలకూ కూడా బియ్యం లెక్కే కట్టారు. అందులోంచి రైతు వాటా తీసెయ్యాలి. ప్రభువుకు నాలుగు పాళ్లు, రైతుకు ఆరు అన్నది ఒక పద్ధతి. సగం సగం ఇంకొకటి. షోగున్ (దేశాన్ని ఏలిన సైనికాధిపతి) కొలువు సమురాయ్‌లకైతే నేను నేరుగా 0.35తో గుణిస్తాను.

ఆ 0.35 దగ్గరే అసలు చిక్కు. భూమి లేనివాళ్లకు షోగున్ గిడ్డంగి నుంచి బస్తాల్లో బియ్యం ఇచ్చేవారు. బస్తాకు మూడున్నర ‘తో’ (కొకులో పదో వంతు కొలత), అంటే 0.35 కొకు. కాబట్టి 100 కొకుల భూమి ఉన్నవాడికీ 100 బస్తాల జీతగాడికీ చేతికందేది ఒకటే, 35 కొకులు. మొదటివాడు మూడు రెట్లు సంపన్నుడని రాయకండి. బస్తాలను కొకుల్లోకి మార్చాక మళ్లీ రైతు వాటా కొయ్యడం ఇంకా పెద్ద తప్పు. ఆ బియ్యం పన్నుగా వసూలై గిడ్డంగికి చేరినదే, అందులో రైతు వాటా ఉండదు. 100 బస్తాలకు 12.25 కొకులు వచ్చిందంటే రెండుసార్లు కోసినట్టే. ఈ లెక్క షోగున్ కొలువుకే. సంస్థానాల్లో బస్తా కొలత వేరు, నాలుగు ‘తో’ల బస్తా కూడా కనిపిస్తుంది.

ఫుచి (మనిషి లెక్కన ఇచ్చే తిండి బియ్యం) లెక్క తేలిక: మనిషికి రోజుకు 5 గో, ఏడాదికి సుమారు 1.8 కొకులు. కొకుకు 1,000 గో, తూకంలో దాదాపు 150 కిలోలు.

అభ్యాసం: ఎడో నగర రక్షక భటుడి జీతం ‘30 బస్తాలు, ఇద్దరి ఫుచి’. ఏడాదికి ఎన్ని కిలోలు? అంత రావాలంటే ఎన్ని కొకుల భూమి కావాలి? ఇంట్లో ఐదుగురు మనిషికి రోజుకు 5 గో చొప్పున తింటే అమ్మకానికి ఎంత మిగులుతుంది? బస్తాలు వసంతంలో పావు, వేసవిలో పావు, చలికాలంలో సగం ఇస్తారు. వసంతంలో ఎన్ని అందుతాయి? రెండో జవాబు 40 కొకుల దగ్గర తేలకపోతే, ఫుచిని 0.35తో గుణించారేమో చూసుకోండి.