ఆలస్యంగా వచ్చే ఉద్యోగిని పిలిచి మాట్లాడే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

హాజరు పట్టీని ముందుగా మీరే చూడాలి. సూపర్‌వైజర్ చెప్పిన మాట ఒక్కటే చాలదు. గాజువాక ఆటోనగర్‌లో ఉదయం షిఫ్టుకు అనకాపల్లి వైపు నుంచి వచ్చేవారు జాతీయ రహదారిపై లారీల రద్దీలో చిక్కుకోవడం మామూలే కనుక, ఆలస్యం ఒక్కరిదేనా, ఆ దారిన వచ్చే అందరిదీనా అన్నది తేల్చుకున్నాకే మందలింపు గురించి ఆలోచించాలి.

తోటివారి ఎదుట, ముఖ్యంగా టీ విరామంలో, ఈ ప్రస్తావన తేకూడదు. తేదీలు, నిమిషాలు కాగితంపై రాసుకోవాలి. "నువ్వెప్పుడూ ఇంతే" అన్నారంటే మాట ఆలస్యాన్ని వదిలి మనిషి మీదికి పోతుంది (అసలు ఆ "నువ్వు" కూడా అనవసరమే).

ఒకరి లైంగిక వేధింపు తప్పించుకోవడానికే ఆలస్యంగా వస్తున్నానని మహిళా ఉద్యోగి చెబితే, విచారణ మీరు మొదలుపెట్టకూడదు. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం ప్రకారం ఉండాల్సిన అంతర్గత కమిటీకి రాసి ఇచ్చే దారి చూపాలి.