సోవియట్ కంప్యూటర్లపై విదేశీ సందర్శకుల నివేదికలను ఎలా చదవాలి?

1950ల నాటి సోవియట్ కంప్యూటర్ల గురించి తెలుసుకోదలచినవారికి, అక్కడి ప్రయోగశాలలను స్వయంగా చూసివచ్చిన విదేశీ నిపుణుల నివేదికలు ఎంతో విలువైన ఆధారాలు. 1959లో పర్యటించిన అమెరికన్ బృందం నివేదిక విల్లిస్ వేర్ సంపాదకత్వంలో 1960లో అచ్చయింది. ఇటువంటి నివేదికను చదివేటప్పుడు ప్రతి అంకె పక్కన అది ఏ సంవత్సరానిదో రాసుకోవాలి. ఎక్కువ అపార్థాలు ఈ జాగ్రత్త తీసుకోనందువల్లనే వస్తాయని నా అభిప్రాయం.

సెర్గేయ్ లెబెదెవ్ రూపొందించిన బెస్మ్ యంత్రాన్నే తీసుకోండి. పాదరసం నింపిన గొట్టాలను మెమరీగా వాడిన తొలిరోజుల్లో అది సెకనుకు సుమారు 1,000 గణనలే చేసేది. వాటి స్థానంలో ఎలక్ట్రాన్ కిరణ గొట్టాలను అమర్చాక వేగం దాదాపు 8,000కు పెరిగింది. కాబట్టి రెండు నివేదికలు వేర్వేరు వేగాలు చెప్పినంతమాత్రాన ఒకదానిని అబద్ధమని తోసిపుచ్చకూడదు.

గణన అంటే ఎంత పని అన్నదీ చూడాలి. బెస్మ్ ఆదేశంలో మూడు చిరునామాలుండేవి: కూడవలసిన రెండు సంఖ్యలు ఎక్కడున్నాయో, ఫలితాన్ని ఎక్కడ దాచాలో ఒకే ఆదేశం చెప్పేది. అమెరికన్ కంప్యూటర్ ఐబీఎం 704లో ఆదేశానికి ఒకే చిరునామా కనుక, ఒక సంఖ్యను తెచ్చుకోవడానికి, రెండోదాన్ని కూడడానికి, ఫలితాన్ని దాచడానికి మూడు ఆదేశాలు కావలసివచ్చేది. అయితే వరుస లెక్కల్లో మధ్య ఫలితం, ఆ యంత్రం లెక్క ఫలితాన్ని తాత్కాలికంగా ఉంచుకునే అక్యుములేటర్‌లోనే నిలిచి ఉంటుంది గనుక, బెస్మ్ వేగాన్ని గుడ్డిగా మూడుతో హెచ్చవేయడమూ సరికాదు.

సందర్శకుడు కళ్లారా చూసినదానిని, దుభాషి నోట విన్నదానిని వేరుచేసి గుర్తుపెట్టుకోండి. సైనిక అవసరాల కోసం తయారైన యంత్రాలను అతిథులకు చూపేవారు కాదు.

సైబర్‌నెటిక్స్ (యంత్రాల్లోనూ జీవుల్లోనూ నియంత్రణ, సమాచార ప్రసారం ఎలా జరుగుతాయో చెప్పే శాస్త్రం) విషయంలో తేదీ మరింత ముఖ్యం. 1954 నాటి సోవియట్ తాత్త్విక నిఘంటువు దానిని అభివృద్ధి నిరోధక మిథ్యాశాస్త్రమని నిందించింది. మరుసటి ఏడే సోవియట్ శాస్త్రవేత్తలు సోబొలెవ్, కితోవ్, ల్యాపునోవ్ దానిని సమర్థిస్తూ వ్యాసం ప్రచురించారు. 1959లో సైన్స్ అకాడమీ ఆక్సెల్ బెర్గ్ అధ్యక్షతన ప్రత్యేక మండలినే నెలకొల్పింది. 1960లో మాస్కో వెళ్లిన, ఈ శాస్త్రానికి ఆద్యుడైన అమెరికన్ గణితవేత్త నార్బర్ట్ వీనర్‌కు దక్కిన ఆదరణను బట్టి అంతకుముందు దశాబ్దాన్ని ఊహించకూడదు. నిందలు సాగిన కాలంలో పరిశోధన ఆగిపోయిందనీ అనుకోకూడదు, ఎందుకంటే బెస్మ్, స్త్రెలా యంత్రాలు రెండూ సరిగ్గా ఆ రోజుల్లోనే మాస్కోలో పనిలోకి దిగాయి. అందుచేత తొలి ఏళ్ల నివేదికలో సైబర్‌నెటిక్స్ పేరు కనిపించకపోతే, గణనయంత్రాలు, ప్రోగ్రామింగ్, స్వయంచాలక నియంత్రణ గురించిన పుటల్లో వెతకండి.