యాక్సెస్‌లో ఆర్థిక సంవత్సరాన్ని తప్పుల్లేకుండా లెక్కకట్టడం ఎలా?

తేదీలోంచి సంవత్సరాన్ని తీయడానికి మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ ప్రోగ్రామ్ యాక్సెస్‌లో ఇయర్ అనే ఫంక్షన్ ఉంది. ఆర్థిక సంవత్సరాన్ని తీయడానికి మాత్రం ఏ ఫంక్షనూ లేదు. దాంతో ఎవరికి తోచిన ఫార్ములా వాళ్లు రాసుకుంటారు. మామూలు తేదీలన్నిటికీ అది సరిగ్గానే పనిచేస్తుంది. సంవత్సరం మారే రోజు దగ్గర తప్పుతుంది. అది కూడా ఆడిట్ వాళ్లు అడిగినప్పుడే బయటపడుతుంది.

ఫంక్షన్ల పేర్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు ఇంగ్లిష్‌లోనే టైప్ చేయాలి. ఫీల్డ్ (టేబుల్‌లోని నిలువు వరుస) పేరును మీ టేబుల్‌లో ఉన్నదాన్ని బట్టి మార్చుకోండి.

1. తేదీ నిజంగా తేదీయేనా?

టేబుల్‌ను డిజైన్ వ్యూలో తెరిచి, తేదీ ఫీల్డ్ రకం డేట్/టైమ్ అని ఉందో లేదో చూడండి. షార్ట్ టెక్స్ట్ అని ఉంటే ముందు దాన్ని సరిచేయాలి, ఆ తర్వాతే మిగతా పని. అక్షరాలుగా పడి ఉన్న తేదీని మార్చేటప్పుడు యాక్సెస్ మీ కంప్యూటర్ రీజినల్ సెట్టింగ్‌లో రోజు, నెల ఏ వరుసలో ఉన్నాయో చూస్తుంది. ఆ వరుసలో అర్థం కుదరకపోతే రోజునూ నెలనూ తారుమారు చేసి చదువుతుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. అందుకే మార్చాక కొన్ని రికార్డులు కళ్లతో చూడండి.

2. క్వెరీ తెరవండి

క్రియేట్ ట్యాబ్, క్వెరీ డిజైన్, టేబుల్ ఎంపిక, తేదీ ఫీల్డ్‌ను కిందికి దించడం. అంతే. క్వెరీ అంటే టేబుల్‌లోంచి కావాల్సినవి తీసి చూపించే ప్రశ్న. లెక్క క్వెరీలోనే ఉండాలి. ఆర్థిక సంవత్సరానికి టేబుల్‌లో విడిగా ఒక ఫీల్డ్ పెట్టి అందులో చేత్తో నింపేవాళ్లను చాలామందిని చూశాను. తర్వాత ఎవరో తేదీని సరిదిద్దుతారు, పక్కనున్న సంవత్సరం మాత్రం పాతదే ఉండిపోతుంది. అప్పుడు రెండింటిలో ఏది నిజమని ఎవరిని అడుగుతారు?

3. అసలు లెక్క

ఇక్కడ తొందరపడకండి. ఫార్ములా రాయకముందే రెండు ప్రశ్నలకు జవాబు కాగితం మీద రాసుకోండి. సంవత్సరం ఏ నెలలో మొదలవుతుంది? దాన్ని మొదలైన ఏడాది పేరుతో పిలుస్తారా, ముగిసే ఏడాది పేరుతో పిలుస్తారా?

రెండో ప్రశ్నను చాలామంది అడగనే అడగరు. భారతదేశంలో ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగిసే సంవత్సరాన్ని 2025-26 అని రెండు ఏళ్లూ కలిపి రాస్తారు కాబట్టి గొడవ లేదు. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం ముగిసే ఏడాది పేరే వాడుతుంది. 2025 అక్టోబర్ 1న మొదలైంది వాళ్లకు 2026. ఒకే డేటాబేస్‌లో ఒక రిపోర్ట్ ఒక పద్ధతిలో, ఇంకో రిపోర్ట్ ఇంకో పద్ధతిలో ఉంటే ఏ మొత్తమూ దేనితోనూ కలవదు. పైగా ఫార్ములాలు రెండూ సరైనవే కాబట్టి తప్పు ఎక్కడుందో ఓ పట్టాన దొరకదు.

ఇప్పుడు ఫార్ములా. నా పద్ధతి ఒక్కటే: డేట్‌యాడ్ అనే ఫంక్షన్‌తో తేదీని నెలల లెక్కన జరిపి, జరిపిన తేదీలోంచి సంవత్సరం తీయడం. ఆర్థిక సంవత్సరపు మొదటి రోజును జనవరి 1 మీదికి తెస్తే మిగతా పని ఇయర్ ఫంక్షనే చూసుకుంటుంది.

ఏప్రిల్‌లో మొదలై, మొదలైన ఏడాది పేరు కావాలంటే మూడు నెలలు వెనక్కి:

ఆరంభ_సం: ఇయర్(డేట్‌యాడ్("ఎం", -3, [బిల్లుతేదీ]))

అక్టోబర్‌లో మొదలై, ముగిసే ఏడాది పేరు కావాలంటే మూడు నెలలు ముందుకి:

ముగింపు_సం: ఇయర్(డేట్‌యాడ్("ఎం", 3, [బిల్లుతేదీ]))

ఎన్ని నెలలు జరపాలో తెలియాలంటే, వెనక్కి జరిపేటప్పుడు ఆరంభ నెల సంఖ్యలోంచి 1 తీసేయండి. ముందుకి జరిపేటప్పుడు 13లోంచి ఆరంభ నెల సంఖ్యను తీసేయండి. ఏప్రిల్‌కు 3 వెనక్కి లేదా 9 ముందుకి, జూలైకి ఎటైనా 6, అక్టోబర్‌కు 9 వెనక్కి లేదా 3 ముందుకి. జనవరిలో మొదలయ్యేవాళ్లు ఏదీ జరపకూడదు. 13లోంచి 1 తీసి 12 నెలలు ముందుకి జరిపితే ఏకంగా తర్వాతి ఏడాదిలో పడతారు.

కొటేషన్లలో ఉన్న అక్షరం జాగ్రత్త. నెలకు ఎం, నిమిషానికి ఎన్. పొరపాటున ఎన్ పడితే యాక్సెస్ అభ్యంతరం చెప్పదు, తేదీని మూడు నిమిషాలు జరిపి ఊరుకుంటుంది. జనవరి నుంచి మార్చి దాకా ఉన్న బిల్లులు దాదాపు అన్నీ తప్పు సంవత్సరంలో కూర్చుంటాయి.

మూడు నెలలంటే 90 రోజులే కదా అని తేదీలోంచి 90 తీసేసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. మామూలు ఏడాదిలో అది సరిపోతుంది. లీపు సంవత్సరంలో జనవరి నుంచి మార్చి చివరికి 91 రోజులు. 2024 మార్చి 31లోంచి 90 రోజులు తీస్తే 2024 జనవరి 1 వస్తుంది, అంటే 2023-24కు చెందాల్సిన బిల్లు 2024-25లోకి దూకుతుంది. బిల్లులు ఎక్కువగా కొట్టేది ఆఖరి రోజే అని వేరే చెప్పాలా?

డేట్‌యాడ్‌తో ఆ బెడద లేదు. మే 31 నుంచి మూడు నెలలు వెనక్కి వెళ్తే ఫిబ్రవరి 31 లేదు కాబట్టి ఆ నెల ఆఖరి రోజు దగ్గర ఆగుతుంది. నెల దాటదు కనుక సంవత్సరం మారదు.

ఐఐఎఫ్ (షరతు నిజమైతే ఒక జవాబు, కాకపోతే ఇంకో జవాబు ఇచ్చే ఫంక్షన్) పెట్టి, నెల నాలుగు కంటే తక్కువైతే సంవత్సరంలోంచి ఒకటి తీసేయమని రాసే పద్ధతి కూడా ఉంది. జవాబు సరిగ్గానే వస్తుంది, కాదనను. కానీ త్రైమాసికానికి మళ్లీ ఒక ఐఐఎఫ్, నెల వరుసకు ఇంకొకటి రాయాలి. ఇంకా తెలివైనవాళ్లు ఐఐఎఫ్ కూడా లేకుండా, సంవత్సరానికి (మంత్([బిల్లుతేదీ])<4) అనే పోలికను నేరుగా కలిపేస్తారు. యాక్సెస్‌లో ట్రూ అంటే -1 కాబట్టి అది నడుస్తుంది. ఆ క్వెరీని రేపు ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే ఇంకో డేటాబేస్‌కు తీసుకెళ్తే నడవదు. రాసినవాడికే ఆరు నెలల తర్వాత అర్థం కాని ఫార్ములా నాకు అక్కర్లేదు.

అదే తేదీని జరిపే పద్ధతిలోనైతే త్రైమాసికం కూడా ఉచితంగా వస్తుంది:

త్రైమాసికం: డేట్‌పార్ట్("క్యూ", డేట్‌యాడ్("ఎం", -3, [బిల్లుతేదీ]))

"క్యూ" తీసేసి డేట్‌పార్ట్ బదులు మంత్ పెడితే ఏప్రిల్‌కు 1, మార్చికి 12 అయ్యేలా నెల సంఖ్య వస్తుంది. రిపోర్ట్‌లో నెలలను దాని ప్రకారమే సార్ట్ చేయండి. నెల పేర్ల మీద సార్ట్ చేస్తే అక్షరక్రమంలో పడతాయి.

4. పేరు అతికించడం

2025-26 లాంటి రూపం కావాలంటే:

ఆర్థిక_సం: [ఆరంభ_సం] & "-" & రైట్([ఆరంభ_సం]+1, 2)

రైట్ అంటే కుడివైపు చివరి రెండు అంకెలు తీసుకోవడం, కాబట్టి 1999కి ఇది 1999-00 ఇస్తుంది. రైట్ బదులు మాడ్ 100 (వందతో భాగిస్తే మిగిలే శేషం) వాడినవాళ్లకు 1999-0 వస్తుంది, 2008కి 2008-9 వస్తుంది. తేదీ ఖాళీగా ఉన్న రికార్డుకు ఒట్టి గీత మాత్రమే కనిపిస్తుంది. దాన్ని దాచేయకండి, తేదీ లేని బిల్లులు ఎన్నున్నాయో తెలిసేది దానివల్లే. సార్టింగ్‌కు మాత్రం అంకె రూపంలో ఉన్న ఆరంభ_సం వాడండి.

5. ఒక్క సంవత్సరాన్ని వడపోయడం

లెక్క అంతా సరిగ్గా చేసి ఇక్కడ బోల్తా పడతారు. ఏప్రిల్ 1కీ మార్చి 31కీ మధ్య అని బిట్వీన్ పెడితే, తేదీతో పాటు సమయం కూడా నమోదయ్యే ఫీల్డ్‌లో మార్చి 31 నాటి బిల్లులు రాలిపోతాయి. యాక్సెస్ తేదీని ఒక సంఖ్యగా దాచుకుంటుంది: పూర్ణాంకం రోజు, దశాంశం సమయం. మార్చి 31 అని మాత్రమే రాస్తే ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి 12 గంటలు అని అర్థం. సాయంత్రం కొట్టిన బిల్లు దానికంటే పెద్ద సంఖ్య. కాబట్టి తర్వాతి సంవత్సరపు మొదటి రోజు కంటే తక్కువ అని రాయాలి. ఏడాది, నెల, రోజు సంఖ్యల నుంచి తేదీని తయారుచేసేది డేట్‌సీరియల్. తేదీ ఫీల్డ్ కింద క్రైటీరియా (షరతులు) వరుసలో:

>=డేట్‌సీరియల్([ఏ ఏడాది నుంచి], 4, 1) యాండ్ <డేట్‌సీరియల్([ఏ ఏడాది నుంచి]+1, 4, 1)

క్వెరీ నడిపినప్పుడు [ఏ ఏడాది నుంచి] అని యాక్సెస్ మిమ్మల్ని అడుగుతుంది. డిజైన్ ట్యాబ్‌లోని పారామీటర్స్‌లో ఈ ప్రశ్నను ఇంటీజర్‌గా (పూర్ణాంకంగా) ప్రకటించండి. తేదీని హ్యాష్ (#) గుర్తుల మధ్య నేరుగా రాసే అలవాటు మానుకోండి. ఎస్‌క్యూఎల్ వ్యూలో (క్వెరీని అక్షరాల్లో చూపించే చోట) యాక్సెస్ దాన్ని అమెరికన్ పద్ధతిలో, నెల ముందు రోజు తర్వాత, చదువుతుంది. మీరు 1/4 అని ఏప్రిల్ ఒకటిని ఉద్దేశిస్తే అది జనవరి నాలుగు అనుకుంటుంది. డేట్‌సీరియల్‌కు ఆ సందేహమే లేదు.

ఆరంభ_సం కాలమ్ కింద 2025 అని పెట్టినా ఫలితం వస్తుంది కదా అంటారు. వస్తుంది. కానీ ప్రతి రికార్డుకూ లెక్క కట్టాకే పోల్చాలి కాబట్టి తేదీ మీద ఇండెక్స్ (వెతకడాన్ని వేగం చేసే సూచిక) ఉన్నా పనికిరాదు. రికార్డులు పెరిగేకొద్దీ తేడా తెలుస్తుంది.

6. పరీక్ష

ఆరంభ రోజు, దానికి ముందు రోజు, డిసెంబర్ 31, జనవరి 1, ఫిబ్రవరి 29, ఒక ఖాళీ తేదీ, సాయంత్రం సమయంతో ఆఖరి రోజు. వీటితో చిన్న టేబుల్ చేసి క్వెరీ నడపండి. ఏప్రిల్ పద్ధతిలో 2024 మార్చి 31 కి 2023-24, ఏప్రిల్ 1 కి 2024-25 రావాలి. జూన్, ఆగస్టు తేదీలతో పరీక్షించి బాగుందనుకోవడం పరీక్షే కాదు.

ఈ ఫార్ములా పనికిరాని చోట్లు

నెల మధ్యలో మొదలైతే ముందు రోజులు కూడా జరపాలి. బ్రిటన్‌లో వ్యక్తిగత పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలవుతుంది. అక్కడ "డి"తో 5 రోజులు వెనక్కి, తర్వాత 3 నెలలు వెనక్కి జరిపితే సరిపోతుంది. ప్రతి ఏడాదీ వారంలో ఒకే రోజున (శనివారమైతే శనివారమే) ముగిసేలా 52 లేదా 53 వారాల సంవత్సరం పాటించే కంపెనీలకు ఏ జరుపుడూ పనిచేయదు. మధ్యలో ఆరంభ నెల మార్చుకున్న చోటా అంతే. అమెరికా ప్రభుత్వం 1976లో జూలై ఆరంభాన్ని అక్టోబర్‌కు మార్చినప్పుడు ఆ ఏడాది జూలై నుంచి సెప్టెంబర్ దాకా ఉన్న మూడు నెలలు ఏ సంవత్సరానికీ చెందకుండా విడి త్రైమాసికంగా మిగిలాయి. అలాంటి చోట ఫార్ములాతో కుస్తీ పట్టకండి. మొదటి రోజు, తర్వాతి సంవత్సరపు మొదటి రోజు, పేరు అనే మూడు ఫీల్డులతో ఒక టేబుల్ చేసి, బిల్లు తేదీ మొదటి రోజుకు తగ్గకుండా, తర్వాతి సంవత్సరపు మొదటి రోజు కంటే తక్కువ ఉండేలా జాయిన్ (రెండు టేబుళ్లను కలిపే షరతు) రాయండి. ఆ జాయిన్‌ను డిజైన్ వ్యూ చూపించలేదు. క్వెరీని ఎస్‌క్యూఎల్ వ్యూలోనే తెరిచి, అక్కడే సేవ్ చేయండి.