యువ లాయర్ లోక్‌సభకు పోటీ చేయాలంటే ఏం చేయాలి?

25 ఏళ్లు నిండి, దేశంలో ఎక్కడైనా లోక్‌సభ ఓటరుగా పేరుంటే చాలు, నామినేషన్ వేయొచ్చు. గెలవడానికి కావాల్సిన పని మాత్రం ఏళ్ల ముందే మొదలుపెట్టాలి.

1. ముందు జిల్లాలో నిలదొక్కుకోండి. టంగుటూరి ప్రకాశం పంతులు రాజమండ్రిలో ప్లీడరీ చేస్తూ అక్కడే మున్సిపల్ చైర్మన్ అయ్యారు. కేంద్ర శాసనసభకు (బ్రిటిష్ కాలం నాటి ఢిల్లీ చట్టసభ) ఎన్నికైంది ఆ తర్వాత, 1926లో. పాస్‌బుక్ తగాదాలు, భరణం కేసులతో వచ్చేవాళ్లకు వాయిదా వాయిదాకీ తోడుండండి. ఆ కేసుల్ని ఫ్లెక్సీలకు మాత్రం ఎక్కించకండి, లాయర్ల ప్రచారాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు.

2. పార్టీలో పని చేయండి. బీజేపీ నేత తేజస్వి సూర్య 28 ఏళ్లకే 2019లో బెంగళూరు సౌత్ నుంచి గెలిచారు. అప్పటికే ఆయన హైకోర్టు లాయర్, పార్టీ యువజన విభాగంలో తిరిగినవారు. మన రెండు రాష్ట్రాల్లో ఒక్కో ఎంపీ సీటు కింద ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు ఉంటాయి. ఏడింటిలోనూ బూత్ దగ్గర కూర్చునే మనుషులు మీకు తెలిసి ఉండాలి.

3. ప్రభుత్వ బాధ్యతలు వదిలేయండి. లాయర్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే అని నా అభిప్రాయం. జీపీగానో (ప్రభుత్వ ప్లీడర్), ప్రభుత్వ సంస్థ కేసులు వాదించే ప్యానెల్ లాయర్‌గానో ఉంటే అది లాభదాయక పదవి, అంటే పోటీకి అనర్హుల్ని చేసే ప్రభుత్వ పదవి అంటూ ప్రత్యర్థి అభ్యంతరం పెట్టొచ్చు. రైల్వే ప్యానెల్ లాయర్ విషయంలో సుప్రీంకోర్టు అలాగే తేల్చింది కూడా. నామినేషన్‌కు ముందే రాజీనామా చేసి, ఆమోదించిన కాగితం చేతిలో పెట్టుకోండి.

4. నామినేషన్‌తో పాటు ఇచ్చే ప్రమాణపత్రం, ఫారం 26 అఫిడవిట్, మీరే దగ్గరుండి నింపండి. కేసులు, ఆస్తులు, అప్పులు అన్నీ చూపాలి. ఏ గడీ ఖాళీగా వదలొద్దు, లేకపోతే ‘లేదు’ అనే రాయండి. రిటర్నింగ్ అధికారి గుర్తుచేశాక కూడా ఖాళీలు అలాగే ఉంటే నామినేషన్ తిరస్కరించొచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక ప్రతిపాదకుడు (నామినేషన్‌పై పేరు ప్రతిపాదిస్తూ సంతకం చేసే ఓటరు) చాలు, ఇండిపెండెంట్‌కు పదిమంది కావాలి. డిపాజిట్ 25,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అది గల్లంతే.

5. ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా తెరవండి, నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు. 2024లో మన రాష్ట్రాల్లో పరిమితి 95 లక్షలు. టీ, టిఫిన్, జీపు డీజిల్ బిల్లులు ఏ రోజువి ఆ రోజే రాయించండి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు జిల్లా ఎన్నికల అధికారికి అందాలి. ఓడినవాళ్లూ ఇవ్వాల్సిందే. సరైన కారణం లేకుండా ఎగ్గొడితే ఎన్నికల సంఘం మూడేళ్లు పోటీకి అనర్హులుగా ప్రకటించొచ్చు.