కలిసి నడిపే బడి – 3వ పాఠం: ఒకే పాఠం, నలుగురు టీచర్లు

బడి నాయకత్వాన్ని టీచర్లంతా పంచుకోవాలంటే ఏ పనికి ఎవరు ముందుండాలి, అందులో వాళ్లు సొంతంగా ఎంతవరకు నిర్ణయించుకోవచ్చు అన్నది గత పాఠంలో రాసుకున్నాం. ఈసారి దాన్ని తరగతి గదిలో అమలు చేద్దాం.

టీచర్ల మధ్య సహకారాన్ని 1990లో అమెరికా పరిశోధకురాలు జుడిత్ వారెన్ లిటిల్ నాలుగు రకాలుగా చూపించారు: అనుభవాలు చెప్పుకోవడం, అడిగితే సాయం చేయడం, సామగ్రి పంచుకోవడం, ఉమ్మడిగా పనిచేయడం. మొదటి మూడూ మంచివే. కానీ అవి అయ్యాక ఎవరి తరగతికి వాళ్లు వెళ్లి తలుపు వేసుకోవచ్చు. ఉమ్మడి పనిలో అది కుదరదు, ఫలితం అందరిదీ. నాయకత్వం పంచుకోవడం నిజంగా అలవడేది అక్కడే అని నా గట్టి నమ్మకం.

దానికి జపాన్ టీచర్లు ఎన్నో దశాబ్దాలుగా పాటిస్తున్న పాఠ పరిశీలన పద్ధతి చక్కగా పనికొస్తుంది. అక్కడ దాన్ని ‘జుగ్యో కెన్‌క్యూ’ అంటారు.

ముందు పిల్లలు తరచూ తడబడే ఒక్క చోటు ఎంచుకోండి. 1/2 + 1/3 ఎంత అంటే చాలామంది 2/5 అంటారు. లవాలను లవాలతో, హారాలను హారాలతో కలిపేస్తారు. నలుగురూ కూర్చుని ఆలోచించాల్సింది ఇదీ: తప్పని వెంటనే చెప్పాలా? లేక “2/5 అంటే సగం కన్నా తక్కువ కదా, సగానికి ఇంకొంత కలిపితే తగ్గుతుందా?” అని అడిగి ఆగాలా? ఆ ప్రశ్న ఎప్పుడు వేయాలి, బొమ్మ గీయించాక వేయాలా, ముందే వేయాలా? ఈ చర్చకు ఎంత సమయమైనా ఇవ్వండి. పాఠం ‘మనది’ అయ్యేది ఇక్కడే.

తర్వాత ఒకరు బోధిస్తారు. మిగతావాళ్లు ఒక్కొక్కరు ఇద్దరు ముగ్గురు పిల్లల్ని గమనిస్తారు. టీచర్‌ని కాదు, పిల్లల్ని. ఏం రాశారు, ఏం కొట్టేశారు, పక్కవాళ్లతో ఏమన్నారు అన్నదే నోట్ చేసుకోవాలి.

అదే రోజు చర్చకు కూర్చోండి. బోధించినవారు మొదట మాట్లాడాలి. మిగతావాళ్లు “మీరు తొందరపడ్డారు” అనకుండా, “మూడో బెంచీలో అమ్మాయి 2/5 రాసి, కొట్టేసి, మళ్లీ అదే రాసింది” అని చూసింది చెప్పాలి. మొదటి మాటకు ఎవరికైనా టెన్షన్ వస్తుంది, రెండోదాంతో ఆలోచన మొదలవుతుంది.

చర్చను హెడ్మాస్టరు నడపకూడదు. ఆయన లేదా ఆమె అందరికన్నా చివర మాట్లాడాలి, ఎందుకంటే పెద్దవాళ్ల అభిప్రాయం ముందే తెలిస్తే మిగతావాళ్లు దానికే తల ఊపుతారు. నడిపే బాధ్యత ప్రతిసారీ మారాలి, కొత్తగా చేరినవాళ్లకూ వంతు రావాలి. ఇక హెడ్మాస్టరు చేయాల్సిన అసలు పని టైమ్‌టేబుల్లో అందరికీ ఒకే ఖాళీ పీరియడ్ చూపించడం. అది లేకుండా సహకరించమని చెబితే టీచర్లకు భారం పెంచినట్టే.

ఈ వారం అభ్యాసం: ఇద్దరు సహోద్యోగులతో కూర్చుని మీ సబ్జెక్టులో పిల్లలు తడబడే ఒక్క చోటు ఎంచుకోండి. అక్కడ పిల్లలు ఇవ్వగల తప్పు జవాబులు ఊహించి రాయండి. చర్చ నడిపేది ఎవరో కూడా అప్పుడే తేల్చుకోండి. పాఠం చెప్పడానికి తొందర లేదు. చర్చలో అభిప్రాయభేదం వస్తే ఏం చేయాలో 4వ పాఠంలో చూద్దాం.