దుండగుడు ఆయుధంతో వస్తే: సిబ్బందికి ఏమి నేర్పవచ్చు, ఎలా నేర్పాలి

బెంగళూరులో నగల దుకాణమో, బంగారంపై అప్పులిచ్చే శాఖో, పదిమంది పనిచేసే చిన్న కార్యాలయమో నడుపుతున్న తెలుగువారు భద్రతా శిక్షణ కోసం నన్ను పిలిచినప్పుడు దాదాపు అందరూ ఒకే మాట అడుగుతారు: "కత్తి పట్టుకుని వచ్చేవాణ్ని ఎదుర్కోవడం మా వాళ్లకు నేర్పగలరా?" నేర్పగలం. అయితే వారు మనసులో ఊహించుకునేది, అంటే మీదికి దూకి కత్తి లాక్కోవడం, ఆ శిక్షణలో చిట్టచివరి పాఠం. దానికి ముందున్న పాఠాలు వదిలేసి అది ఒక్కటే నేర్పితే మన చేతులతో మనమే వారిని ప్రమాదంలోకి నెట్టినట్టవుతుంది.

ఎందుకో చెబుతాను. ప్రైవేటు భద్రతా సంస్థల నియంత్రణ చట్టం 2005లో వచ్చింది. దాని కింద కేంద్రం 2006లో ఇచ్చిన నమూనా నియమాలు కాపలాదారుకు కనీసం 20 పనిదినాల్లో 100 గంటల తరగతి బోధన, 60 గంటల క్షేత్ర శిక్షణ ఉండాలన్నాయి. కాపలాయే వృత్తిగా ఉన్నవాడికి అంత అవసరమైనప్పుడు, బిల్లులు రాసే అమ్మాయికి ఒక శనివారం మధ్యాహ్నంలో మనం ఎంత ఇవ్వగలమో నిజాయతీగా లెక్క వేసుకోవాలి. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకనులో దాటేస్తాడని, ఒరలో తుపాకీ ఉన్న పోలీసుకే ఆ వ్యవధి బొటాబొటిగా సరిపోతుందని డెన్నిస్ ట్యూలర్ అనే అమెరికా పోలీసు అధికారి 1983లో హెచ్చరించాడు. మారతహళ్లిలోనో, చిక్కపేటలోనో మీ దుకాణం గుమ్మం నుంచి కౌంటర్ వరకు టేపు పెట్టి కొలిచి చూడండి. చాలా చోట్ల అంత దూరం కూడా ఉండదు.

కాబట్టి మొదటి పని యజమానిది. సొమ్ము కోసం ఎవరూ ప్రాణం మీదికి తెచ్చుకోనక్కర్లేదని, అడిగింది ఇచ్చేయవచ్చని, పోయినదాన్ని ఎవరి జీతంలోనూ కోయబోనని యజమాని తన నోటితో సిబ్బంది అందరి ముందూ చెప్పాలి, రాసి కూడా ఇవ్వాలి. 2021 జనవరి 22న ఇక్కడికి దగ్గరలోని హోసూరులో, బంగారంపై అప్పులిచ్చే ఒక శాఖలోకి ముఠా తుపాకులతో వచ్చి దాదాపు 25 కిలోల నగలు ఎత్తుకుపోయింది. సిబ్బంది ప్రాణాలు దక్కాయి. నగలతో పాటు వెళ్లిన జీపీఎస్ పరికరం దారి చూపగా మర్నాడే హైదరాబాద్ పరిసరాల్లో ముఠా పట్టుబడింది. ఈ ఉదాహరణ చెప్పినప్పుడు సిబ్బంది ముఖాల్లో కనిపించే తేలికదనాన్ని నేను చాలాసార్లు చూశాను. అంతవరకు వారు తమను పోట్లాడమంటారేమోనని భయపడుతూ కూర్చున్నారన్నమాట.

రెండో పని, శిక్షకుడితో కలిసి సిబ్బంది మొత్తం తాము పనిచేసే చోటంతా ఒకసారి నడవడం. కె.ఆర్.పురం వైపు ఒక శాఖలో నేను డ్రిల్ పెట్టినప్పుడు చుట్టిన దినపత్రికను కత్తిగా పట్టుకుని ఒకాయన లోపలికి వచ్చాడు. అందరిలోకీ చిన్నవాడైన కుర్రాడు ఆవేశంగా ఎదురు వెళ్లాడు, ఆ ఇరుకు దారిలో అతని వెనక ఉన్న ఇద్దరూ కదలలేక ఆగిపోయారు. మిగిలినవారు వెనక తలుపు దగ్గరికి పరుగెత్తితే అక్కడ ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు ఏడు, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. గొళ్లేనికి వేసిన తాళంచెవి మేనేజరు జేబులో ఉంది. ఆ రోజు మేము పట్లు, పిడిగుద్దులు నేర్పలేదు. క్యాన్లు తీయించి, లోపలి నుంచి చేత్తో తెరుచుకునే గడియ పెట్టించి, మళ్లీ నడిపించాం. షట్టరు సంగతి కూడా అప్పుడే చూసుకోవాలి: 2013 నవంబరు 19న బెంగళూరు కార్పొరేషన్ సర్కిల్ ఏటీఎంలోకి ఒక మహిళ వెనకే వచ్చిన దుండగుడు ముందుగా చేసిన పని లోపలి నుంచి షట్టరు దించడమే.

ఇక మనుషులకు నేర్పవలసిన వరుస ఇది. దారి ఉంటే వెళ్లిపోవాలి, సామాను కోసం ఆగకూడదు. దారి లేకపోతే తలుపు మూసి, బల్ల అడ్డుపెట్టి, ఫోన్ల శబ్దం ఆపి, 112కి చెప్పాలి. ఏ వీధి, ఎన్నో అంతస్తు, ఎంతమంది, చేతిలో ఏముంది అన్నవి మొదటి వాక్యంలోనే రావాలి. మన దుకాణాల్లో కన్నడం, తెలుగు, తమిళం, హిందీ మాట్లాడేవారు కలిసి పనిచేస్తారు కనుక హెచ్చరికకు అందరికీ అర్థమయ్యే ఒకే మాట ముందుగా అనుకోవాలి. తలుపు మూయడం పిరికితనం అనుకునేవారికి నేను 2008 నవంబరు 26 రాత్రి ముంబై కామా ఆసుపత్రిలో ఉన్న నర్సు అంజలీ కుల్తే గురించి చెబుతాను. ఆమె వార్డు తలుపులు మూసి 20 మంది గర్భిణులను కాపాడింది. ఆయుధధారులను ఎదుర్కోవడం అంటే అదీ ఎదుర్కోవడమే.

పారిపోవడానికి, దాక్కోవడానికి రెండింటికీ వీలు లేనప్పుడు, చంపడానికే వచ్చాడని తెలిసిపోయినప్పుడు మాత్రమే చివరి పాఠం పనికొస్తుంది. అది పనికిరాదని నేను అనను. అమెరికాలో 2000 నుంచి 2013 వరకు జరిగిన 160 కాల్పుల ఘటనలను ఎఫ్‌బీఐ పరిశీలిస్తే 21 ఘటనల్లో నిరాయుధులైన పౌరులే దుండగుణ్ని అదుపు చేశారు. వ్యవధి తెలిసిన 63 ఘటనల్లో 44 ఐదు నిమిషాల్లోపే ముగిశాయి, అంటే పోలీసులు చేరేలోపు లోపలివారే ఏదో ఒకటి చేయవలసిన స్థితి నిజంగానే వస్తుంది. అప్పుడు ఒంటరిగా వెళ్లకూడదు. ఇద్దరు ముగ్గురు ఒక్కసారిగా కదలాలి. కుర్చీ, బ్యాగు వంటివి ఒంటికీ కత్తికీ మధ్య ఉంచాలి. అగ్నిమాపక సిలిండరు పొడిని ముఖం మీదికి వదలాలి. ఒకరు ఆయుధం ఉన్న చేతినే రెండు చేతులతో పట్టుకుని వదలకుండా ఉండాలి. ఇష్టపడి ముందుకు వచ్చినవారికే ఇది నేర్పండి, ఎవరి మీదా విధిగా రుద్దకండి.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును చెబుతాయి, కానీ రక్షణకు అవసరమైనంత మేరకే ఆ హక్కు. కింద పడ్డవాణ్ని గుంపుగా కొట్టడం, రోడ్డు మీద వెంటపడడం అందులోకి రావు. పట్టుకున్నవాణ్ని ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటల లోపల పోలీసులకు అప్పగించాలి.

నా అనుభవంలో అందరూ తేలిగ్గా నేర్చుకుని, అందరూ తేలిగ్గా మరిచిపోయేది రక్తం ఆపడం. శుభ్రమైన బట్టను గాయం మీద పెట్టి, రెండు అరచేతులతో, మోచేతులు వంచకుండా, శరీర బరువంతా మోపి నొక్కాలి. ఎంతవరకు ఆగిందో చూద్దామని మధ్యలో ఎత్తకూడదు, 108 వచ్చేవరకు వదలకూడదు. పోలీసులు లోపలికి వచ్చేటప్పుడు చేతులు ఖాళీగా, కనిపించేలా ఉంచాలి.

డ్రిల్ ఆరు నెలలకోసారి చాలు. చెప్పాపెట్టకుండా ముసుగు మనిషిని పంపి సిబ్బందిని హడలగొట్టే పద్ధతి కొన్ని చోట్ల చూశాను, దయచేసి ఆ పని చేయకండి. గర్భిణులను, గుండె జబ్బు ఉన్నవారిని, గతంలో ఇలాంటి దాడికి గురైనవారిని పక్కన కూర్చోబెట్టి కేవలం చూడనివ్వండి. కొత్తగా చేరినవారికి మాత్రం ఆరు నెలలు ఆగకుండా, మొదటి రోజే వెనక తలుపు వరకు నడిపించి, ఆ గడియను వారి చేత్తోనే ఒకసారి తీయించండి.