చలి దేశాలకు మిషనరీ సేవకు వెళ్తున్న మన పిల్లలకు: బయలుదేరకముందే తెలుసుకోవాల్సిన జాగ్రత్తలు

బయటి ప్రాంతం నుంచి మన దగ్గరికి వచ్చి సేవ చేయడం వరంగల్ వైపు వాళ్లకు కొత్త సంగతి కాదు. తిరునెల్వేలి వైపు నుంచి వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1909లో డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో బిషప్ అయి, 1945లో అక్కడే కన్నుమూశారు. ఇప్పుడు హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ నుంచి మన పిల్లలే బయటి దేశాలకు సేవకు వెళ్తున్నారు, సంతోషమే. పంపేటప్పుడు ప్రార్థన చేస్తాం, శాలువా కప్పుతాం, కడుపునిండా భోజనం పెడతాం. అక్కడి చలి గురించి మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. చలి దేశంలో సేవ చేసి వచ్చాను కాబట్టి చెప్తున్నా, తమ్ముళ్లూ చెల్లెళ్లూ, కాస్త ఓపిగ్గా చదవండి.

అన్నిటికన్నా ముందు ఒక మాట. "దేవుని పని మీద పోతున్నాం, ఆయనే చూసుకుంటాడు" అనే మాటను నేనూ మనస్ఫూర్తిగా నమ్ముతాను. కానీ ఆ నమ్మకంతోనే కొంతమంది పిల్లలు కాళ్లు మొద్దుబారినా, పళ్లు టకటకా కొట్టుకుంటున్నా నోరు మెదపకుండా నడుస్తూనే ఉంటారు. కంపానియన్ (జతగా సేవ చేసే తోటి మిషనరీ) ఏమనుకుంటాడో, పెద్దలు బలహీనుడంటారేమో అని. దయచేసి అలా చేయకండి. చలి పెడితే పెడుతోందని చెప్పండి, వేళ్లకు స్పర్శ తెలియకపోతే వెంటనే చెప్పండి. ఇక్కడ రాసిన జాగ్రత్తలన్నీ ఆ ఒక్క అలవాటు ఉంటేనే పనికొస్తాయి.

మన చలి వేరు, ఆ చలి వేరు. వరంగల్‌లో రాత్రి 12, 13 డిగ్రీలకు వస్తే మంకీ క్యాపులు బయటికి తీస్తాం, ఆదిలాబాద్ వైపు ఐదారుకు పడిపోతే పేపర్లో వార్త. కెనడాలోనో, ఉత్తర యూరప్‌లోనో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనో మైనస్ 10 అంటే మామూలు జనవరి రోజు. దానికి గాలి తోడైతే ఇంకా కష్టం. మైనస్ 10 దగ్గర గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తుంటే ఒంటికి మైనస్ 20లా తగులుతుంది. అందుకే ఫోన్‌లో ఉష్ణోగ్రత ఒక్కటే చూసి బయలుదేరకండి, దాని పక్కన 'ఫీల్స్ లైక్' అని ఇంకో అంకె ఉంటుంది, మీకు కావాల్సింది అదే. ఆ అంకె మైనస్ 28 దాటి కిందికి పోయిందంటే బట్ట కప్పని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టే ప్రమాదం ఉంది. చదువుకోవడానికి వెళ్లిన పిల్లలు బస్సు దిగి క్లాసులోకి వెళ్లిపోతారు. మీ పని అలాంటిది కాదు, ఇంటింటికీ నడవాలి, తలుపు తీసేదాకా నిలబడాలి, బస్‌స్టాప్‌లో ఆగాలి, సాయంత్రం చీకటిలో తిరిగి రావాలి. అందుకే ఈ అంకె మీకు ఎక్కువ అవసరం.

బట్టల సంగతి. ఇక్కడే షాపింగ్ అంతా చేసేయాలని ఇంట్లో వాళ్లు హడావుడి పడతారు, వద్దు. మన దగ్గర దొరికే థర్మల్స్‌లో చాలావాటిలో కాటన్ ఉంటుంది, ప్యాకెట్ వెనక చూసి తీసుకోండి. ఒంటికి అంటుకుని ఉండే బట్ట కాటన్‌ది కాకూడదు. నడిచేటప్పుడు పట్టే చెమటను కాటన్ పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, మీరు బస్‌స్టాప్‌లో ఆగిన మరుక్షణం ఆ తడే ఒళ్లంతా చల్లబరుస్తుంది. ఉన్నిదైనా, పాలిస్టర్‌దైనా పర్వాలేదు. ఉన్ని తడిసినా కొంత వేడిని నిలుపుతుంది, గొర్రెలు కాసే మన కురుమలు వానలోనూ చలిలోనూ గొంగడి వదలకపోవడం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. దాని మీద స్వెట్టరో ఫ్లీసో, అన్నిటి మీద గాలినీ తడినీ ఆపే జాకెట్. ఒకే లావుపాటి కోటు కన్నా ఇలా మూడు పొరలు నయం, ఎవరైనా లోపలికి పిలిచి కూర్చోబెడితే ఒక పొర తీసేయొచ్చు, చెమట పట్టదు. చేతులకు అయిదు వేళ్ల గ్లౌజుల కన్నా వేళ్లన్నీ కలిసి ఉండే మిట్టెన్స్ వెచ్చగా ఉంటాయి. చెవులు మూసే టోపీ తప్పనిసరి, హెయిర్‌స్టైల్ గురించి తర్వాత ఆలోచించొచ్చు.

అసలైన మందపు జాకెట్, బూట్లు అక్కడికి వెళ్లాక అక్కడివాళ్లను అడిగి కొనండి, వాడినవి అమ్మే దుకాణాల్లో తక్కువకే మంచివి దొరుకుతాయి. అయితే విమానం దిగిన మొదటి గంటకు సరిపడా స్వెట్టర్, జాకెట్, టోపీ, గ్లౌజులు మాత్రం చేతి బ్యాగులోనే ఉండాలి. శంషాబాద్‌లో ఉక్కపోస్తోంది కదా అని పెద్ద సూట్‌కేస్‌లో పెట్టేసి, ఆ సూట్‌కేస్ మధ్యలో ఎక్కడో ఆగిపోతే జనవరి రాత్రి ఎయిర్‌పోర్ట్ బయట చొక్కా మీద నిలబడాల్సి వస్తుంది.

బూట్ల గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే సేవకు వెళ్లినవాళ్లు ఎక్కువ బాధపడేది పాదాలతోనే. సూట్ మీదికి బాగుంటాయని తీసుకెళ్లే నున్నటి అడుగు ఉన్న లెదర్ షూస్ మంచు మీద నిలవవు. గాడులున్న రబ్బరు అడుగు, తడి లోపలికి రానివ్వని పైభాగం, చీలమండ దాకా ఎత్తు ఉండాలి. ఉన్ని సాక్సు వేసుకుని ట్రై చేయండి, లోపల వేళ్లు కదలాలి. వెచ్చగా ఉంటుందని రెండు జతల సాక్సులు ఇరికించి వేసుకుంటే రక్తం సరిగా ఆడక పాదం ఇంకా చల్లబడుతుంది. బ్యాగులో ఎప్పుడూ ఒక పొడి సాక్సుల జత ఉంచుకోండి. ఇంటికి రాగానే బూట్ల లోపలి అట్ట బయటికి లాగి, పాత పేపర్ ఉండలు చుట్టి ముందు భాగం దాకా కుక్కండి, గంట తర్వాత ఆ పేపర్ తడిసి మెత్తగా బయటికొస్తుంది, మళ్లీ పొడి పేపర్ పెట్టండి. పొద్దున్నకు ఆరతాయి. హీటర్ మీద పెట్టారంటే జిగురు ఊడిపోతుంది.

మంచు మీద నడక నేర్చుకోవాల్సిందే. మెత్తటి స్నో అంత ప్రమాదం కాదు. పగలు కరిగి రాత్రి గట్టిపడిన పలచటి ఐస్ పొర, కింది తారు రోడ్డు కనిపించేంత సన్నగా, తడి రోడ్డే అనిపించేలా ఉంటుంది. బ్లాక్ ఐస్ అంటారు. మెట్ల మీద, వంతెనల మీద, నీడ పడే చోట్ల ఎక్కువ. చిన్న అడుగులు వేయండి, పాదం మొత్తం ఒకేసారి ఆనించండి, బరువు కాస్త ముందుకు ఉంచండి, చేతులు జేబుల్లో పెట్టుకోకండి, పడబోయినప్పుడు ఆపుకోవాల్సింది వాటితోనే. బస్సు వెళ్లిపోతోందని పరుగెత్తకండి, ఇంకో బస్సు వస్తుంది. బూట్లకు తగిలించుకునే ఇనుప ముళ్ల పట్టీలు కూడా దొరుకుతాయి, వాటికి ఖర్చు పెట్టడం దండగ కాదు. గడ్డకట్టిన చెరువు మీద ఫొటో కోసం కూడా కాలు పెట్టొద్దు. పైకి గట్టిగా కనిపించినా నీళ్లు పారే చోట, గట్టు దగ్గర, వంతెన కింద పలచగా ఉంటుంది. భద్రకాళి చెరువు, పాకాల చూసి పెరిగిన మన కళ్లకు ఆ తేడా అందదు.

ఇక చలికి ఒంటికి నిజంగా దెబ్బ తగిలితే ఏం చేయాలో. నాతో ఉన్న తమ్ముడొకడికి ఒక సాయంత్రం చెవి పై అంచు మైనం పూసినట్టు పాలిపోయింది, వాడికేమో నొప్పే లేదు. నొప్పి లేకపోవడమే అక్కడ చెడ్డ గుర్తు. ముక్కు కొస, చెవులు, బుగ్గలు, వేళ్లు ముందుగా దెబ్బతింటాయి, మొహం మీదివి మనకు మనం చూసుకోలేం కాబట్టి ఒకరి మొహం ఒకరు చూస్తూ ఉండాలి. అలా కనిపిస్తే వెంటనే లోపలికి వెళ్లండి, రుద్దకండి, మంచుతో రుద్దమని ఎవరైనా పాత మాట చెబితే అసలు వినకండి. 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో ముంచి ఉంచాలి, ఆ నీళ్లు వేరే మనిషి చేయి పెట్టి చూడాలి, ఎందుకంటే మొద్దుబారిన చర్మానికి వేడి తెలియక కాలిపోతుంది. మంటకు కాచడం, హీటర్‌కు ఆనించడం కూడా అందుకే వద్దు. మళ్లీ చలిలోకి వెళ్లక తప్పదు అనుకుంటే మధ్యలో వేడి చేయడం మొదలుపెట్టకండి, కరిగింది మళ్లీ గడ్డకడితే నష్టం ఎక్కువ. రంగు తిరిగి రాకపోయినా, బొబ్బలు లేచినా డాక్టర్ దగ్గరికి.

ఇంకొకటి ఒళ్లంతా చల్లబడటం. శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కిందికి పడిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. ముందు గడగడా వణుకు, తర్వాత మాట ముద్దగా రావడం, తడబడటం, చేతిలో వస్తువులు జారిపోవడం, అడిగిందానికి పొంతన లేని జవాబు. వణుకు ఆగిపోయినా మనిషి మబ్బుగానే ఉంటే 'తగ్గిందిలే' అనుకోవద్దు, అది ముదిరింది. తడిబట్టలు తీసేసి, పొడి దుప్పట్లు కప్పి, ముందు ఛాతీ, మెడ, తల వెచ్చబరచాలి, స్పృహలో ఉంటే వెచ్చటి తియ్యటి పానీయం ఇవ్వాలి, అంబులెన్స్ పిలవాలి.

ఇంట్లో ఉన్నాం కదా అనుకునే చోట ఇంకో ప్రమాదం ఉంది. మన ఊళ్లలో చలికాలం గదిలో కుంపటి పెట్టుకుని తలుపులు మూసుకునే అలవాటు ఉంది, మన దగ్గరే దానివల్ల ప్రాణాలు పోయాయి. అక్కడి ఇళ్లు గాలి దూరకుండా కట్టినవి. బొగ్గుల పొయ్యి, గ్రిల్ లోపల వెలిగించకండి, వంట గ్యాస్ స్టవ్‌ను గది వెచ్చబడటానికి వాడకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఇంట్లో ఉన్న అందరికీ ఒకేసారి తలనొప్పి, తల తిరగడం, వికారం వచ్చాయంటే జ్వరం అనుకోకుండా వెంటనే బయటికి రండి. దానికి అలారం ఉంటుంది, అద్దె ఇంట్లో అడుగుపెట్టిన రోజే అది పనిచేస్తోందో లేదో చూడండి. కారు స్టార్ట్ చేసే ముందు వెనక పొగ గొట్టం దగ్గర మంచు పేరుకుపోయి ఉందేమో చూసి తీసేయాలి. కరెంటు హీటర్‌ను నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు వద్దు, దుప్పటి, బట్టలు కనీసం ఒక మీటరు దూరంలో ఉండాలి. ఎండుమిర్చి పోపు పెట్టినప్పుడు పొగ అలారం మోగి బిల్డింగ్ అంతా బయటికొస్తుందనే టెన్షన్‌తో కొందరు దాని బ్యాటరీ పీకేస్తారు. అలా చేయకండి, స్టవ్ పైన ఉండే పొగ లాగే ఫ్యాన్ వేసి, కిటికీ కొంచెం తెరిచి, నూనె పొగలు రాకముందే పోపు వేయండి, సరిపోతుంది.

ముసలివాళ్ల ఇళ్ల ముందు మంచు ఎత్తిపోయడం మీకు తప్పకుండా వచ్చే పని, మంచి పని కూడా. ఎత్తడం కన్నా తోయండి, ఎత్తాల్సి వస్తే పార సగమే నింపి, మోకాళ్లు వంచి ఎత్తండి, నడుము మెలితిప్పి విసరకండి. ఛాతీలో బరువుగా అనిపిస్తే అక్కడితో ఆపేయాలి, వయసు చూసుకుని ధైర్యపడొద్దు.

చలిలో దాహం తెలియదు, కానీ ఒళ్లు ఎండిపోతుంది, కాబట్టి ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకెళ్లండి. ఉపవాసం ఉన్న రోజు ఎక్కువసేపు బయట తిరిగే పని పెట్టుకోకండి, పెద్దలకు చెప్పి ఆ రోజు పని లోపల ఉండేలా సర్దుకోండి, ఇందులో తప్పేమీ లేదు. పెదవులకు, చేతులకు వాజెలిన్ రాయండి. అమ్మ కొబ్బరినూనె సీసా ఇస్తుంది, అది అక్కడ రాయిలా గడ్డకట్టి ఉంటుంది. తల తడిగా ఉండగా బయటికి వెళ్లొద్దు. ఫోన్ లోపలి జేబులో ఉంచండి, చలికి బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది.

అందరూ దాటేసే సంగతి చీకటి. డిసెంబరులో మనకు దాదాపు 11 గంటల పగలు ఉంటుంది, ఓస్లో, హెల్సింకి లాంటి చోట్ల ఆరు గంటలే. పొద్దున బయలుదేరితే చీకటి, సాయంత్రం నాలుగు కాకముందే చీకటి. కొన్ని వారాలకు కారణం లేకుండా ఏడుపు రావడం, ఎంత పడుకున్నా లేవాలనిపించకపోవడం, ప్రార్థనలో మనసు నిలవకపోవడం మొదలవుతాయి. ఇదేదో విశ్వాసం తగ్గిందని, పాపం చేశానని లోలోపల కుమిలిపోయే పిల్లల్ని చూశాను, నిజంగా బాధేస్తుంది. వెలుతురు తగ్గితే శరీరం అలా చేస్తుంది, అక్కడ పుట్టినవాళ్లకూ వస్తుంది. మధ్యాహ్నం వెలుగున్నప్పుడు కాసేపైనా బయట నడవండి, కిటికీ పక్కన కూర్చుని చదవండి, రెండు వారాలైనా తగ్గకపోతే మీ మిషన్ పెద్దలకు చెప్పి డాక్టర్‌ను కలవండి. మన రంగు చర్మానికి విటమిన్ డి తయారవడానికి ఎండ ఎక్కువ కావాలి, అందుకే వెళ్లేముందు ఇక్కడే రక్తపరీక్ష చేయించుకుని డాక్టర్ చెప్పినంతే మాత్రలు తీసుకెళ్లండి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. వారానికొకసారి ఫోన్ వచ్చినప్పుడు "తిన్నవా బిడ్డా" అని ఎలాగూ అడుగుతారు, "కాళ్లు ఎట్లున్నయి, నిద్ర పడుతుందా" అని కూడా అడగండి. చలి గురించి చెప్పుకోగానే "ఓర్చుకో నాయినా, దేవుని పని" అనేస్తే వాళ్లు ఇంకోసారి చెప్పరు. ఇంకోటి, అక్టోబరు చివరి ఆదివారం యూరప్‌లో, నవంబరు మొదటి ఆదివారం అమెరికా, కెనడాల్లో చాలాచోట్ల గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ వారం నుంచి ఫోన్ మనకు గంట ఆలస్యంగా వస్తుంది, కంగారుపడి ఊరంతా ఫోన్లు చేయకండి.

అత్యవసర నంబర్లు: అమెరికా, కెనడాల్లో 911, యూరప్ దేశాల్లో 112, బ్రిటన్‌లో 999. మీరుండే ఇంటి చిరునామా, ఇద్దరు స్థానిక పెద్దల నంబర్లు కాగితం మీద రాసి జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి, ఆ చిరునామాను అక్కడి భాషలో తడుముకోకుండా చెప్పడం మొదటి వారంలోనే కంపానియన్ దగ్గర ప్రాక్టీస్ చేయండి.